కుళాయి దగ్గర బిందెల వరస

మేం అద్దెకున్న ఇంటివాళ్ల బిందెను మా అమ్మాయి పగలగొట్టిందని మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ అంటూ ఉంటారు. ఇత్తడి బిందె పగలదు. అంచు దగ్గర సొట్ట పడింది. ఆ సొట్ట కూడా మా అమ్మాయి వల్ల పడలేదు. ఇంటామె దాని చేతుల్లోంచి బిందెను లాక్కుని కుళాయి గట్టు మీద విసురుగా దించింది, అప్పుడు పడింది. నేను పక్కనే ఉన్నాను. అది 1979 అక్టోబరు. ఎనభై ఒకటి అని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. ఎనభై ఒకటి నాటికి మేం కంచరపాలెంలోనే లేం. తేదీ తప్పు చెప్పేవాళ్లు మిగతాదంతా కూడా తప్పే చెబుతారన్నది నా అనుభవం. అందుకే జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

కంచరపాలెంలో రైలుపట్టాలకు ఇవతల, అయిదు గదుల వరసలో ఒక గదిలో మేం అద్దెకు ఉండేవాళ్లం. మా ఆయన పోర్టులో క్రేను నడిపేవారు. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. మా అత్తగారు మాతోనే ఉండేవారు. పక్క గదిలో వన్‌టౌన్ నుంచి వచ్చిన ఒక ముస్లిం దర్జీ కుటుంబం. ఆయన భార్య నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. గదుల చివర ఉన్న డాబా ఇల్లు ఇంటివాళ్లది. పల్లెలో భూమి అమ్మి ఇదంతా కట్టుకున్నారు. ఇంటాయన లారీల పని మీద ఎప్పుడూ ఊళ్లు తిరుగుతూ ఉండేవాడు. పెత్తనమంతా ఆమెది.

ఆ ఇంటి ముందు సందులో కుళాయి. అది మునిసిపాలిటీ కుళాయి. వాళ్ల అరుగుకు ఎదురుగా ఉందన్న మాటే గాని దాని మీద వాళ్లకు ఏ హక్కూ లేదు. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి నీళ్లు వచ్చేవి. నీళ్ల కోసం మనుషులు నిలబడితే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని మా బదులు బిందెలు నిలబడేవి. ఎవరికి ముందు మెలకువ వస్తే వాళ్లు బిందె తెచ్చి వరసలో పెట్టి పనికి పోయేవారు. బిందె ఖాళీ లేకపోతే డాల్డా డబ్బా, అదీ లేకపోతే ఇటుక ముక్కో రాయో. రాయి పెట్టినా బిందె పెట్టినట్టే. నీళ్లు వచ్చాక రాయి తీసి ఆ చోట బిందె పెట్టుకోవచ్చు, ఎవరూ కాదనరు. విశాఖపట్నంలో ఆ రోజుల్లో కుళాయి నీళ్ల మీద బతికిన ఆడవాళ్లందరికీ ఈ పద్ధతి తెలుసు.

ఇంటామెకు మాత్రం ఈ పద్ధతి లేదు. నీళ్లు వచ్చి, ముందున్నవాళ్లు పట్టుకోబోతున్నప్పుడు ఆమె పెద్ద ఇత్తడి బిందె చంకన పెట్టుకుని నిదానంగా అరుగు దిగేది. మొదట ఉన్న బిందెను కాలితో వెనక్కి నెట్టి తనది కుళాయి కింద పెట్టేది. వెనక ఉన్నవాళ్లంతా తలా కాస్త జరిగేవారు. ఎవరూ నోరెత్తేవారు కాదు. అద్దెకున్నవాళ్లం కదా.

మా అమ్మాయి 1973 ఆగస్టులో పుట్టింది. అయిదేళ్లు నిండేదాకా దానికి మాట రాలేదు. పిలిస్తే పలికేది కాదు. చెవుడనుకుందామంటే, పక్క గదిలో బెల్లం పొట్లం విప్పిన చప్పుడుకు వచ్చి నిలబడేది. మన కళ్లలోకి చూసేది కాదు. చింతగింజలు, సోడా మూతలు గోడవారన వరసగా పేర్చుకుంటూ పూటంతా గడిపేది. ఒక పెద్ద డాక్టరు గారికి చూపించాం. ఆయన కాగితం మీంచి తల ఎత్తకుండానే "మందబుద్ధి. ఎదగదు. ఇంకొకర్ని కనండి" అన్నారు. ఆ లోపల అది ఆయన బల్ల మీది మందుసీసాలను ఎత్తు ప్రకారం పేర్చింది. ఆయన దాని చేతి మీద ఒకటి వేసి సీసాలను మళ్లీ కలిపేశారు. ఇద్దరిలో ఎవరిది మందబుద్ధి అని అడగాలని నా నాలిక చివరి దాకా వచ్చింది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. ఆటిజం అన్న మాట నేను పత్రికలో చదివేనాటికి మా అమ్మాయికి పాతికేళ్లు దాటాయి. అంతవరకు దానికి పేరు లేదు. పేరు లేనిదానికి ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టారు. మా అత్తగారు "గాలి సోకింది" అన్నారు. అనడమే కాదు, సందులో అందరికీ చెప్పారు. తాయెత్తు కట్టించారు, సాంబ్రాణి పొగ పట్టించారు. ఆ పొగకు పిల్ల దగ్గి దగ్గి అలసి పడుకుంటే "సూడు, నిమ్మలించింది" అన్నారు.

ఒక విషయం మాత్రం నేను గమనించాను. మా గది వెనకే గూడ్సు బళ్లు పోయేవి. గోడలు అదిరేవి. ఆ చప్పుడుకు మా అమ్మాయి కదిలేది కాదు. అదే, వంటింట్లో నా చెయ్యి జారి ఒక గరిటె కింద పడితే చెవులు మూసుకుని గుక్కపట్టి ఏడ్చేది. అంత పెద్ద రైలుకు ఏడవని పిల్ల ఇంత గరిటెకు ఎందుకు ఏడుస్తుంది? దీనికి జవాబు నాకు చాలాకాలం దొరకలేదు.

దానికి బడి లేదు. నేను పాఠం చెప్పే బడిలోనే దాన్ని చేర్చుకోలేదు. "మీకు తెలియనిదేముంది టీచరుగారూ, మిగతా పిల్లలు పాడైపోతారు" అన్నారు హెడ్మాస్టరు గారు. మిగతా పిల్లలు దేనివల్ల పాడవుతారో నాకు నిజంగానే తెలియదు. ఆయనా చెప్పలేదు. దానికి మిగిలింది కుళాయి ఒక్కటే. రెండు పూటలా నానమ్మ వెంట అక్కడికి వెళ్లేది. గొట్టానికి చెవి ఆనించి కూర్చునేది. నీళ్లు రాబోయే ముందు గొట్టంలో గాలి బుసకొడుతుంది. అది వినగానే "వొచ్చింది" అనేది. ఆడవాళ్లు నవ్వుకునేవారు. "ఓలమ్మ, గుంట సెప్పిందంతే నీల్లొచ్చీసినట్టే! పదండి, పదండి" అని ఇళ్లలోంచి వచ్చేవారు. మా అమ్మాయి బయటి మనుషులతో అన్న మొదటి మాట అదే. ఆ మాటకు పదిమంది కదిలి రావడం చూసి దాని ముఖం వెలిగేది. ఆ సందులో అది మనుషుల మధ్య కూర్చున్నది ఆ కుళాయి దగ్గరే. ఇదెందుకు చెబుతున్నానంటే, ఇంటామె దాని నుంచి లాక్కోవాలని చూసింది దీన్నే.

డెబ్భై తొమ్మిది దీపావళికి మా నాన్న దానికి ఒక చిన్న బిందె తెచ్చారు. అప్పటినుంచి తన బిందె కూడా వరసలో పెట్టుకునేది. అంతవరకు దాని కళ్లు గొట్టం మీదే ఉండేవి. తన బిందె వరసలోకి వచ్చాక వరస దాని సొంతమైంది. నాలుగు రోజుల్లోనే ఇంటామె కాలితో నెట్టిన బిందె దాని కంటపడింది.

గావుకేక పెట్టింది. నేను పిండి చేతులతో పరిగెత్తాను. అది ఇంటామె బిందెను రెండు చేతులతో కౌగిలించుకుని, సగం నిండిన నీళ్లు ఒలుకుతుంటే, వరస చివరికి ఈడుస్తోంది. ఆమె లాక్కుని దించింది. సొట్ట పడింది. ఆ తర్వాత మా అమ్మాయి చెంప మీద కొట్టింది.

"ఏటే, నా బిందికి సెయ్యేత్తావా? ఎంత పొగరు!" అని నావైపు తిరిగింది. "టీచరమ్మా, పిల్లని కనీసి ఈది మీదికి ఒగ్గీడమేనేటి? ఊరి పిల్లలకి బుద్ది సెప్పడానికెల్తావు గదా, ఇంట్లోదానికి సెప్పుకోవేటి?"

"అది చిన్నపిల్ల పిన్నిగారూ. దానికి తెలియదు."

"తెల్దా? ఇంతమంది బిందిలుంటే నాదే తెలిసిందేటి?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వింది నన్ను చూసి కాదు, ఆమెను చూసి. ఆమెకు అదే గుచ్చుకుంది. నాకు ఇప్పటికీ మండేది ఆ నవ్వు తలచుకుంటేనే. రోజూ కాలితో నెట్టించుకునేవాళ్లు, అనాల్సిన మాట తాము అనకుండా, ఆరేళ్ల పిల్ల దెబ్బ తింటుంటే కొంగు చాటున నవ్వుకున్నారు. పైగా ఆ సాయంత్రం ఇద్దరు వచ్చి "నీ కూతురు బాగా సేసింది, దానికి అలాగే గావాల" అని గుసగుసగా మెచ్చుకుని పోయారు. మర్నాడు వాళ్ల బిందెలు మళ్లీ మామూలుగానే వెనక్కి జరిగాయి.

మా అమ్మాయి మర్నాడూ కేక పెట్టింది. ఆ మర్నాడూ పెట్టింది. ఇంటామె మా ఆయనను పిలిపించి "కుళాయి టయానికి పిల్లని కట్టీండి, లేదంతే గది కాలీ సెయ్యండి" అంది. ఆయన ఇంటికి వచ్చి తల పట్టుకున్నారు.

"ఎక్కడికి పోతాం? ఇద్దరి పనులకూ దగ్గరగా ఇంత అద్దెకు గది దొరుకుతుందా? కొంచెం సర్దుకుపోదాం."

"ఎవరు సర్దుకోవాలి?"

"మనమే."

"మనమంటే మీరా, నేనా, అదా?"

 తెలుగులో నాకు నచ్చని మాట ఒకటుంటే అది సర్దుకుపోవడం. నేను ఎరిగినంతలో అది బలమైనవాళ్లకు ఎవరూ చెప్పరు. పిల్లను రెండు పూటలా లోపల ఆడించమని అత్తగారికి చెప్పి నేను బడికి వెళ్లేదాన్ని. ఆడిస్తున్నాననే ఆమె చెప్పేవారు.

1980 జనవరిలో ఒకరోజు ఎవరో పెద్దాయన పోయారని మధ్యాహ్నమే బడి వదిలేశారు. బజారు పని చూసుకుని నాలుగు దాటాక ఇంటికి వచ్చాను. కుళాయి దగ్గర నీళ్లు పడుతున్న చప్పుడు. మా గది వెనక వరండాలో స్తంభానికి మా అమ్మాయిని నా పాత చీరతో నడుముకు కట్టేసి ఉంది. ఏడవడం లేదు. కుళాయి ఉన్న దిక్కు గోడకేసి చూస్తూ "వొచ్చింది, వొచ్చింది, వొచ్చింది" అంటోంది. మెల్లిగా, ఆపకుండా. ఎవరూ రావడం లేదు కనుక అంటూనే ఉంది.

నేను ముడి విప్పాను. గట్టి ముడి, పంటితో లాగితేగాని రాలేదు.

"ఎన్నాళ్లనుంచి అత్తయ్యా?"

"ఏటి సెయ్యమంతావు కోడలా? కాలీ సెయ్యమంటే ఏ సెట్టు కింద కూకుంతాం? ఓ గంట కడితే గుంటకేటైపోద్ది? తిండెడతన్నాను గదా."

"పశువును కట్టేస్తారు, సరే. పశువును కూడా నీళ్ల వేళకు విప్పుతారు అత్తయ్యా. మీరు నీళ్ల వేళకు కట్టారు."

ఆమె ముఖం పక్కకు తిప్పుకున్నారు.  మా ఆయన రాగానే ఒకటే చెప్పాను. గది పోయినా సరే, ఇంకోసారి ఈ పిల్ల ఒంటి మీద ముడి పడితే నేను దాన్ని తీసుకుని మా నాన్న దగ్గరికి వెళ్లిపోతానని. ఆయన "సరే" అన్నారు. నేను అన్న పని చేస్తానని ఆయనకు తెలుసు.

మర్నాటి నుంచి తెల్లవారుజామున నేనే దాన్ని కుళాయికి తీసుకెళ్లాను. సాయంత్రం నేను వచ్చేదాకా నానమ్మతో గదిలోనే ఉండేది. ఇంటామె వచ్చే వేళకు దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకునేదాన్ని. కేక వేసేది, గింజుకునేది, నా చేతి మీద కొరికేది. నేను మనసులో దాన్ని మెచ్చుకునేదాన్ని. సందంతటికీ లేని న్యాయం నా కూతురికి ఉందని గర్వంగా ఉండేది. ఆ గర్వం ఎక్కువ రోజులు నిలవలేదు.

ఒకనాడు నాకు జలుబూ జ్వరమూ. పక్కింటి దర్జీ భార్య బిందె నా బిందెకు ముందుంది. ఆమె నా వాలకం చూసి "యా అల్లా, నిలబడలేకపోతన్నావు గదా. ఇస్కూలుకెల్లాల. నువ్వు ముందు పట్టేసుకో అక్కా, నాకేటి తొందర లేదు" అని నా బిందెను తన బిందె ముందుకు జరిపింది. అంత మంచిమనసుతో చేసిన పని. మా అమ్మాయి అదే కేక పెట్టింది. అదే ఏడుపు. ఉరికి వచ్చి నా బిందెను, సొంత తల్లి బిందెను, లాగి వెనక పెట్టింది. పెట్టాక ఏడుపు ఆపి, కూర్చుని, గొట్టానికి చెవి ఆనించింది.

దర్జీ భార్య నవ్వింది. "నీ కూతురికి అమ్మ లేదు, అత్త లేదు అక్కా!"

ఆ రోజు బడిలో పిల్లలకు కూడికలు ఇచ్చి కూర్చుని ఇదే ఆలోచించాను. అది ఇంటామె మీద కోపంతో అరవలేదు. న్యాయం కోసమూ అరవలేదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది దానికి పట్టలేదు. మనం ఒక మనిషిని చూస్తాం. చూస్తుండగానే ఆ మనిషి ముక్కు చెంప మీదికి జరిగితే మనం కేక వేయమా? బిందెల వరస దానికి అలాంటి ముఖం. ఎవరూ చెప్పకుండా, ఏ గుర్తూ లేకుండా, ఆ ముఖం చెదిరిపోతోంది. అప్పుడు రైలు సంగతి, గరిటె సంగతి కూడా తేలింది. రైలు ముందు దూరంనుంచి వినిపిస్తుంది, దగ్గరికి వస్తుంది, పోతుంది. వస్తానని చెప్పి వస్తుంది. గరిటె చెప్పి పడదు.

ఇంటికి వచ్చి పరీక్ష పెట్టాను. అది వరసగా పేర్చిన గ్లాసుల్లో ఒకదాన్ని తీసి పక్కన పెట్టాను. కేక. కాసేపాగి, మళ్లీ పేర్చుకున్నాక, ఇంకో గ్లాసు మీద వేలు పెట్టి "ఈ గ్లాసు ఇటు వస్తుంది" అని, అది చూసేదాకా ఆగి, అప్పుడు జరిపాను. ఊపిరి బిగబట్టి చూసింది. ఏడవలేదు. వరసను మళ్లీ ఈ చివరనుంచి ఆ చివరకు చూసుకుంది. దానికి కావలసింది అంతే. ముందు చెప్పాలి, చూడనివ్వాలి, అప్పుడు జరపాలి. ఆరున్నరేళ్లుగా ఒక్కళ్లం కూడా ఆ పని చేయలేదు.

నాకు పట్టరాని సంతోషం కలిగింది. అప్పుడే ఇంటామె దగ్గరికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది.

"పిన్నిగారూ, గొడవ తీరిపోయే మార్గం దొరికింది. మీ బిందె మీరు చివర తెచ్చి ముందుకు నెట్టకుండా, పొద్దున అందరికంటే ముందే పెట్టించెయ్యండి. మొదటి చోటు మీదే. మేమెవరం అడ్డు చెప్పం. పాప ఇక ఏడవదు."

ఆమె చేట పక్కన పెట్టింది. "అంతే, నాను సీకటనే లెగిసి, మీ అందర్లాగ బింది పట్టుకుని లైనుకొచ్చి ఎట్టాలా?"

"మీరు రానక్కర్లేదు. రాత్రి మీ బిందె నాకివ్వండి, నేనే పెడతాను."

"ఎర్రిపిల్ల ఏడుత్తాదని నా ఇంటిముందు కులాయికి నాకు రూలెడతన్నావేటి టీచరమ్మా? ఎల్లెల్లు."

మెట్లు దిగుతుంటే నాకు అర్థమైంది. ఆమెకు కావలసింది మొదటి చోటు కాదు. మొదటి చోటు ఇస్తామంటే వద్దంది. చివర వచ్చి మొదట పట్టుకోవాలి, అందరూ చూస్తుండగా మా బిందెలు వెనక్కి జరగాలి, అదీ ఆమెకు కావలసింది. నీళ్లు ఒక సాకు. మా అమ్మాయి ఎలా ఆలోచిస్తుందో ఆరేళ్లకైనా తెలుసుకున్నాను, అందులో ఒక క్రమం ఉంది. ఈమె ఆలోచనలో ఏ క్రమం ఉందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. కాని మతిలేనిది మాత్రం మా అమ్మాయే అన్నారు.

అయినా ఊరుకోలేదు. ఆమె పెట్టకపోతే ఆమె పేర నేనే ఒక రాయి పెడదామనుకున్నాను. రాయి బిందెతో సమానమన్నది అందరి పద్ధతే కదా. పట్టాల పక్కనుంచి ఒక నున్నటి రాయి తెచ్చాను. మా అమ్మాయి గుర్తుపట్టడానికి దాని మీద ఎర్ర సుద్దతో బిందె బొమ్మ గీశాను. పొద్దున అందరికంటే ముందు వెళ్లి కుళాయి కింద పెట్టి, దాని మీద వేలు పెట్టి, "ఇది ఇంటమ్మ బిందె చోటు. రాయి పోతుంది, బిందె వస్తుంది" అని చెప్పాను. ఇంటామె వచ్చింది. ఆమె అడుగు వేసేలోపు నేను వంగి రాయి తీశాను. ఖాళీ చోటులో ఆమె బిందె దిగింది. మిగతా బిందెలు కదల్లేదు. మా అమ్మాయి చూసింది. "రాయి పోద్ది, బింది వొత్తాది" అంది. అది అంత పొడుగు మాట అనడం నేను మొదటిసారి విన్నాను. మూడు రోజులు ఒక్క కేక లేదు. సాయంత్రాలు కూడా మళ్లీ పంపిద్దామా అని అత్తగారే అడిగారు.

నాలుగో రోజు నాకు వంగడం ఆలస్యమైంది. ఇంటామె రాయిని దగ్గరగా చూసింది. తెల్లవారుజాము మంచుకు సుద్ద తడిసి, బొమ్మ చెదిరి, ఎర్రగా కుంకం పూసినట్టు ఉంది.

"ఇదేటి?" అని రెండడుగులు వెనక్కి వేసింది. "నా గుమ్మానికెదురుగా బొట్టెట్టిన రాయేటి?"

"బొట్టు కాదండీ. సుద్దముక్కతో బిందె బొమ్మ గీశాను, పాప గుర్తుకు."

"బొమ్మంట! మూడ్రోజుల్నుంచి నా కాళ్ల కాడ రాయి తీత్తన్నావు, నోట్లో ఏదో సదువుతన్నావు. నాను సూడ్నేదనుకున్నావా? నీ కూతురికున్న గాలిని నా ఇంటి మీదికి తోల్తన్నావు. చిల్లంగి! ఇది చిల్లంగే!"

చిల్లంగి అంటే చేతబడి. మా వైపు పల్లెల్లో ఆ మాట పుట్టిందంటే మనిషి పళ్లు ఊడగొట్టిన రోజులున్నాయి. ఆ మాట నోటికి రాగానే కుళాయి దగ్గర గాలి మారిపోయింది. ఆ పూట వరసలో ఇంకా రెండు రాళ్లు, ఒక ఇటుక ముక్క ఉన్నాయి. వాటిని పెట్టినవాళ్లు అక్కడే ఉన్నారు. జన్మలో రాయి ఎరగనట్టు నా రాయిని చూశారు. దర్జీ భార్య ఒక్కతే "అదేటమ్మా, రాళ్లు మనందరం ఎడతాం గదా" అంది. ఇంటామె "నువ్వూ కలిసేవేటి?" అనేసరికి భయపడి బిందె తీసుకుని లోపలికి పోయింది. మెచ్చుకోవడానికి ఇంటికొచ్చిన ఆ ఇద్దరూ నేల చూశారు.

మా అమ్మాయి ఆ రోజు ఏడవలేదు. వరస చెదరలేదు కదా. "రాయి పోద్ది" అని గుర్తు చేసింది. నేను రాయి తీయలేదని.

మా అత్తగారు గదిలోకి వచ్చి తలుపు గడియ పెట్టేశారు. గాలి గాలి అని తాను చెప్పిన మాటే తిరిగి మా గుమ్మంలోకి వస్తుందని ఆమె అనుకోలేదు. పెట్టె సర్దడం మొదలుపెట్టింది ఆమే. మా ఆయన కూడా ఇక సర్దుకుపోదామనలేదు. చిల్లంగి అన్న ఇంట్లో ఒక్క వారం కూడా ఉండకూడదన్నారు. మా అమ్మాయిని కట్టేయమన్నప్పుడు రాని తెగువ, చేతబడి అనేసరికి వచ్చింది. ఆ తేడాను నేను ఆయన బతికున్నంతకాలం ఎత్తిచూపుతూనే ఉన్నాను. మార్చి మొదటి వారంలో గోపాలపట్నంలో ఒక పెంకుటింటికి మారాం. నాకు బడి దూరమైంది, రెండు బస్సులు.

అక్కడ కుళాయి లేదు. వీధి మలుపులో చేత్తో కొట్టే బోరింగు ఉంది. అక్కడా బిందెల వరసే. సామాను దించిన సాయంత్రమే, పిల్లను లోపల ఉంచి, నేనొక్కదాన్నే బోరింగు దగ్గరికి వెళ్లాను. ఈసారి ఏదీ దాచదలచుకోలేదు. నలుగురైదుగురు ఆడవాళ్లున్నారు. అందులో ఒక పెద్దామె, పల్లెనుంచి కూరగాయలు తెచ్చి అమ్ముకునే మనిషి, బోరింగు కొడుతోంది. నేను పరీక్షకు వెళ్లిన పిల్లలా గొంతు సవరించుకుని మొత్తం చెప్పాను. మా అమ్మాయి ఇలాంటిది, వరస చెదిరితే ఏడుస్తుంది, పొగరు కాదు, గాలి కాదు, ముందు చెప్పి చూపించి జరిపితే ఏమీ అనదు. ఎదురు ప్రశ్నలు వస్తాయని జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను.

పెద్దామె బోరింగు కొట్టడం ఆపలేదు. "సెప్పి జరపాల. అంతేనేటి?"

"అంతే."

"ఓస్. దానికింత సెప్పాలేటమ్మా? సెప్తాంలే. పొద్దున తీసుకురా."

పొద్దున తీసుకెళ్లాను. మా అమ్మాయి తన బిందె వరసలో పెట్టి కూర్చుంది. కాసేపటికి పెద్దామె ఆలస్యంగా వచ్చింది. కూరల గంపకు బస్సు దొరకాలని తొందరలో ఉంది. అందర్నీ అడిగి ముందుకు రాబోయి, మా అమ్మాయిని చూసి ఆగింది. దాని ముందు చతికిలబడింది.

"ఇదిగో గుంటా, సూడు. నాకు బస్సెల్లిపోతాది. నా బింది ఇక్కడికొత్తాది. ఇయన్నీ ఇంత ఎనక్కెల్తాయి. ఎట్టీమంతావా?"

మా అమ్మాయి ఆమె ముఖం చూడలేదు. బిందెలు చూసింది. లేచి, ముందు తన బిందెను కొంచెం వెనక్కి జరుపుకుంది. ఆ తర్వాత మిగతావాళ్లు జరుపుకున్నారు. పెద్దామె నీళ్లు పట్టుకుని పోయింది. ఎవరూ ఆ సంగతి మళ్లీ మాట్లాడలేదు. వాళ్ల కబుర్లు వాళ్లవి.

నేను బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చి గట్టు మీద దించాను. మా ఆయన షిఫ్టుకు బయల్దేరబోతూ నా ముఖం చూసి గాభరాపడ్డారు.

"ఏమైంది? ఇక్కడ కూడా గొడవా?"

"లేదు."

"పిల్ల ఏడ్చిందా?"

"లేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క మాట చెప్పి జరిపారు, పిల్లా జరుపుకుంది."

"మరి ఆ కోపమేమిటి?"

"అందుకే" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పలేదు. రెండు బస్సులు పట్టుకోవాలి, అప్పటికే ఆలస్యమైంది.